కరగడానికి పట్టే వేడి

చిలకలగూడలో భవాని పొద్దున్నే లేచి చేసే మొదటి పని, కూతురు ఏ లెక్క ముందేసుకుందో కనుక్కోవడం. అది తేలకుండా పొయ్యి వెలిగిస్తే తిప్పలే. కల్పలత ఫిజిక్సు లెక్క ఎలా చేస్తే ఇల్లు అలా నడిచేది. "ఘర్షణ లేదనుకొనుము" అని రాసిందా, భవాని అత్త బాలమ్మ ముందు గదిలోంచి వంటింటిదాకా జారుకుంటూ వచ్చేది. ఎలాగూ వచ్చాను కదా అని చాయ్ అడిగేది. మైనస్ గుర్తు మరిచిపోతే నల్లా నీళ్లు పైకప్పుకు కొట్టేవి. కింద వాటాలో ఉండే నాంచారమ్మ మెట్లెక్కే ముందు "ఏం లెక్క నడుస్తోందమ్మా?" అని అడిగి, జవాబు విన్నాకే పైకి వచ్చేది.

ఇవన్నీ భవాని ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఐసు సంగతి. మంచు కరగడానికే కొంత వేడి పడుతుందని, ఆ తర్వాతే నీళ్లు వెచ్చబడతాయని ఎన్నిసార్లు చదివినా కల్పలత రాసేటప్పుడు మరిచిపోయేది. ట్యూషన్ సారు సూత్రం బట్టీ పట్టించి ఊరుకున్నాడు. పర్యవసానం ఇంటికి చుట్టుకుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసుముక్క గ్లాసులో పడీపడకముందే గోరువెచ్చని నీళ్లయ్యేది. మే నెల ఎండల్లో, గుక్కెడు చల్లటి నీళ్లకు దిక్కు లేదు. భవానికి ఒళ్లు మండిపోయేది.

"గా లేటెంట్ హీట్ ఒక్కటి యాది పెట్టుకోరాదే. పరేషాన్ అయితున్న నేను."

"పెట్టుకుంటున్న మమ్మీ. పెన్ను పట్టంగనే పోతుంది."

మార్చిలో కల్పలత కాలేజీలో పరీక్ష రాస్తుంటే ఇక్కడ బియ్యం డబ్బా గాల్లోకి లేచి కిందికి దిగనంది. ఫెయిలైందని రిజల్టుకు ముందే అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు సప్లిమెంటరీ. ఇది కూడా పోతే చదువు బంద్ చేయించి, అల్వాల్‌లో తన చెల్లెలి బ్యూటీ పార్లర్‌లో కూర్చోబెడతానని తండ్రి ఓంప్రకాశ్ తేల్చేశాడు. పార్లర్ చెడ్డదని కాదు. పిల్లకు చదువుకోవాలని ఉంది. అదే భవాని బాధ.

పరీక్ష వేళకు భవాని వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. బాలమ్మ ముందుజాగ్రత్తగా కిటికీ ఊచ పట్టుకుంది. చపాతీ కర్ర దానంతటదే గట్టు మీద దొర్లి, అంచు దగ్గర ఆగింది. ఘర్షణ కలిపిందన్నమాట. నల్లా నీళ్లు బుద్ధిగా కిందికే పడ్డాయి.

"మంచిగనే రాస్తుంది," అంది బాలమ్మ.

అంతలో ఆర్పిన పొయ్యి మీద గిన్నె వేడెక్కింది. వేడి లెక్క షురూ అయింది. భవాని గబగబా ఐసుముక్క తీసి గ్లాసులో వేసింది. ముక్క మాయం, గోరువెచ్చని నీళ్లు.

"మళ్ల గదే. ఎన్నిసార్లు చెప్పాలె దీనికి," అని భవాని పళ్లు కొరికింది. కూతురి మీద, సారు మీద, మొగుడి మీద ఒకేసారి కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇంకో ముక్క తీసి పిడికిట్లో బిగించింది.

"మెల్లగ కరుగు. గట్ల ఊకెనే పోతావేందీ?"

చెయ్యి తిమ్మిరెక్కింది. వేళ్లు నొప్పితో లాగేస్తున్నాయి.

"ఇడిసిపెట్టు బిడ్డా, చెయ్యి సచ్చుపడతది."

"ఉండు అత్తమ్మా. ఇది నా చేతి వేడి తింటుంది. తిననియ్యి."

నీళ్లు మోచేతిదాకా కారాయి. చాలాసేపటికి పిడికిలి విప్పితే, ముక్క చిన్నదైంది గానీ ఇంకా ఉంది. భవాని దాన్ని గ్లాసులో వేసింది. అది తేలింది.

మధ్యాహ్నం కల్పలత వచ్చి చెప్పుకుంది. "లాస్ట్ లెక్క కొట్టేసి మళ్ల చేసిన మమ్మీ. నడుమల చెయ్యి మస్తు సల్లగైంది, పెన్ను పట్టరాలే. అప్పుడు యాదికొచ్చింది."

సాయంత్రం ఓంప్రకాశ్ దుకాణం నుంచి వచ్చి నీళ్లడిగాడు. గ్లాసులో ఐసుముక్కలు తేలుతుంటే కాసేపు చూశాడు. పరీక్ష ఎలా రాసిందని అడగలేదు. నీళ్లు తాగి, చెల్లెలికి ఫోన్ కలిపాడు.

"మా పోరి రాదమ్మా. ఇంకెవలనన్న చూసుకో."

భవాని ఇంకా సలుపుతున్న చేతిని కొంగులో చుట్టుకుంది. ఎండాకాలమంతా విసుక్కుందే గానీ ఒక్కసారీ ఏడవని మనిషి, అప్పుడు కూర్చుని కరువుతీరా ఏడ్చింది.