ఎడమది తొమ్మిది, కుడిది ఏడు

ఒడిశాలోని రాయగడ మునిసిపాలిటీ నీళ్ల విభాగంలో పనిచేసే సన్యాసయ్యకి ఎడమ పాదం తొమ్మిదో నంబరు, కుడి పాదం ఏడో నంబరు. పుట్టుకతోనే అంతే. నొప్పి లేదు, కుంటు లేదు. పైపు ముక్క భుజాన వేసుకుని వీధులన్నీ చకచకా తిరిగేస్తాడు. చిక్కల్లా చెప్పులతోనే. ఎప్పుడూ తొమ్మిదో నంబరు రబ్బరు చెప్పులే కొంటాడు. కుడి చెప్పు జారిపోకుండా వేళ్లతో బిగించి పట్టి నడవడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు. బూట్లు మాత్రం యాభై నాలుగేళ్లలో ఒక్కసారీ తొడగలేదు.

నవంబరు నెలాఖరున ఆఫీసులో ఒక కబురు చెప్పారు. ఈసారి రిపబ్లిక్ డే కవాతులో మునిసిపాలిటీ పనివాళ్ల జట్టు కూడా నడవబోతోంది. అందరికన్నా పాత మనిషి గనక సన్యాసయ్య బోర్డు పట్టుకుని ముందు నడవాలి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు.

“ముందర నడాలా? అందరికన్నా ముందరా?” అంది అతని భార్య దేముడమ్మ, చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి.

“ఊ.”

“మరి ఆ మాట ఇంట్లోకొస్తూనే సెప్పవేటయ్యా!” అని ఆమె గరిటె అక్కడే పెట్టి పక్కింటికి పరిగెత్తింది. చీకటి పడకముందే వీధి మొత్తానికి తెలిసిపోయింది.

సన్యాసయ్య మాత్రం పాదాలు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎనిమిదేళ్ల కిందట కొల్నారలో మేనకోడలి పెళ్లికని రాయగడ మెయిన్ రోడ్డులో ఢిల్లీశ్వరరావు చెప్పుల షాపుకి వెళ్లాడు. స్టూలు మీద కాళ్లు పెట్టగానే పక్కన కూర్చున్న ఇద్దరు కొనుగోలుదార్లు చూసి నవ్వారు. ఢిల్లీశ్వరరావు చెడ్డవాడు కాడు. “సన్యాసీ, జత ఇడదీస్తే మిగిలిన జత నానేటి సేసుకోను సెప్పు? రెండు జతలూ కొనీ,” అన్నాడంతే. అదీ న్యాయమైన మాటే. కానీ సన్యాసయ్య చెవుల్లో ఆ నవ్వే మిగిలింది. ఏమీ కొనకుండా బయటికొచ్చి, మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

కూతురు పుష్పకి ఇదంతా తెలుసు. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ సాయంత్రాలు జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. ఫోను పట్టుకుని తండ్రి పక్కన చేరింది.

“సూడు నాన్నా, షాపుకెల్లక్కర్లేదు. బూట్లు ఇంటికే వస్తాయి. ఇంట్లో కూకోని ఏసుకో. సరిపోకపోతే ఎనక్కిచ్చేద్దుం. ఎవులూ సూడరు.”

ఎవరూ చూడరన్న మాట సన్యాసయ్యకి బాగా నచ్చింది. “మరి రెండు సైజులని సెప్తే ఇత్తారేటి?”

పుష్ప బూట్లమ్మే సైటులో అడిగింది. టైపు చేసిన వెంటనే జవాబు వచ్చింది. “తప్పకుండా! మీ అవసరాన్ని ఆర్డరు వివరాల్లో రాయండి.” పక్కన నవ్వుతున్న బొమ్మ. పుష్ప రాసింది. ఎడమది తొమ్మిది, కుడిది ఏడు.

వారానికి పెట్టె వచ్చింది. రెండూ ఏడే.

ఆదివారం పొద్దున్న తండ్రీ కూతుళ్లు కస్టమర్ కేర్‌కి ఫోను చేశారు. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు, తెలుగుకి అయిదు నొక్కమంది. నొక్కారు. సంగీతం వచ్చింది. మీ కాల్ మాకెంతో విలువైనదని ఒక గొంతు నాలుగుసార్లు చెప్పింది. దేముడమ్మ పప్పు ఉడకబెట్టి దించేసరికి ఒకమ్మాయి పలికింది.

“నమస్కారం సర్. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.”

“అమ్మా, నాకు ఎడంకాలు తొమ్మిది, కుడికాలు ఏడు. మీరు రెండూ ఏడే అంపేరు.”

“అర్థమైంది సర్. ఏడో నంబరు మీకు బిగుతుగా ఉంది. తొమ్మిదో నంబరు పంపించమంటారా?”

“ఒక్కటే అంపండి. ఎడందే.”

“సర్, దయచేసి మీ పాదం సైజు ఒకసారి సరిగ్గా కొలుచుకోండి.”

“ఏబై నాలుగేళ్లనించీ కొలుసుకుంతన్నానమ్మా!”

“సరే సర్, మార్పిడి నమోదు చేశాను. ఇంకేమైనా సహాయం కావాలా?”

“మొదటిదే అవలేదు. ఇంకోటేటి అడగను తల్లీ?”

“ధన్యవాదాలు సర్. నా సేవకి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులివ్వండి.”

“సున్నా నొక్కీయే!” అని వంటింట్లోంచి అరిచింది దేముడమ్మ.

“సున్నా లేదమ్మా, ఒకటి నించే ఉన్నాయి,” అంది పుష్ప. ముగ్గురికీ నవ్వొచ్చింది.

రెండో పెట్టె వచ్చింది. ఈసారి రెండూ తొమ్మిదే.

మళ్లీ అయిదు, మళ్లీ సంగీతం. ఈసారి పలికిన కుర్రాడు నిజంగానే విన్నాడు. “ఒకటి ఏడు, ఒకటి తొమ్మిది. రాసుకున్నానంకుల్. నేనే దగ్గరుండి పంపిస్తాను,” అన్నాడు. సన్యాసయ్య ఆ కుర్రాడికి అయిదు మార్కులూ వేయించాడు.

మూడో పెట్టె వచ్చిన రోజున దేముడమ్మ గడప దగ్గర కుర్చీ వేసింది. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. సన్యాసయ్య కాళ్లు కడుక్కుని కొత్త సాక్సులు తొడుక్కుని కూర్చున్నాడు. పుష్ప పెట్టె విప్పి రెండు బూట్లూ తిరగేసి నంబర్లు చూసింది. ఒకటి ఏడు, ఒకటి తొమ్మిది!

“ఒచ్చీసేయి నాన్నా!”

అందరూ చప్పట్లు కొట్టారు. తీరా కాళ్ల దగ్గర పెట్టి చూస్తే, ఏడో నంబరుది ఎడమకాలి బూటు. తొమ్మిదో నంబరుది కుడికాలి బూటు.

ముందు నవ్వింది సన్యాసయ్యే. “అద్దంలో ఉన్నోడికి సరిగ్గా సరిపోతాయే అమ్మీ!”

ఈసారి ఫోనులో పలికిన ఆవిడ ఖాతా చూసి, “మీరడిగినట్టే ఒకటి ఏడు, ఒకటి తొమ్మిది పంపాం కద సర్. ఫిర్యాదు పూర్తయినట్టు నమోదైంది. మూడోసారి మార్పిడి మా నిబంధనల్లో లేదు. పైగా మీ ఖాతా తరచూ వాపసు చేసేవారి జాబితాలోకి వెళ్లింది,” అంది. తరవాత మార్కులడిగింది.

జనవరి మొదట్లో రిహార్సళ్లు మొదలయ్యాయి. సన్యాసయ్య తోటి పనివాడు తిరుపతిరావు దగ్గర తొమ్మిదో నంబరు బూట్లు అడిగి తెచ్చుకుని, కుడిదానిలో దూది కూరి నడిచాడు. మొదటి రెండు చుట్లూ బాగానే అయ్యాయి. ‘దాహిన్’ అనగానే కుడికాలు ఎత్తి విసిరితే బూటు కాలికంటే ముందు వెళ్లిపోయింది. గాల్లో రెండు పల్టీలు కొట్టి, కుర్చీలు సర్దుతున్నవాళ్ల మధ్యన పడింది. మైదానం ఘొల్లుమంది. సన్యాసయ్య కూడా నవ్వాడు గానీ, ఇంటికొచ్చాక, “బోర్డు తిరుపతిరావుకి ఇచ్చీమంటాను. ఆడి కాళ్లు బాగుంటాయి,” అన్నాడు మెల్లగా.

పుష్పకి మనసొప్పలేదు. ఆ సాయంత్రం జిరాక్స్ షాపులో గిరాకీ లేనప్పుడు, ఇంట్లో తీసుకున్న ఆ తిరగేసిన బూట్ల ఫోటోని సైటులో అభిప్రాయాలు రాసే చోట పెట్టింది. ఒడియాలో, కింద తెలుగులో ఇలా రాసింది: ‘బూట్లు మంచివే. మా నాన్నకి ఎడమది తొమ్మిది, కుడిది ఏడు కావాలి. వీళ్లు తిరగేసి పంపారు. ఎవరికైనా ఎడమ పాదం ఏడు, కుడి పాదం తొమ్మిది ఉంటే ఈ బూట్లు మీవే. రాయగడలో ఉన్నాయి.’ చివర తను పనిచేసే షాపు నంబరు పెట్టింది.

మూడు రోజులు ఎవరెవరో ఫోను చేసి నవ్వుకున్నారు. నాలుగో రోజు ఒక గొంతు ఒడియాలో చాలా మర్యాదగా అడిగింది.

“ఏమండీ, ఆ బూట్లు ఇంకా ఉన్నాయా?”

ఆయన పేరు మనోరంజన్. కొరాపుట్ జిల్లా కుందురలో ఉత్తరాలు పంచుతాడు. రోజూ ఊళ్లు పట్టుకుని నడిచే మనిషి. ఎడమ పాదం ఏడు, కుడి పాదం తొమ్మిది. పుష్ప రెండుసార్లు అడిగి, నిజమేనని రూఢి చేసుకుని, సంచీ తీసుకుని ఇంటికి పరిగెత్తింది.

ఆదివారం కొరాపుట్ వైపు నుంచి వచ్చే రైలుకి తండ్రీ కూతుళ్లిద్దరూ స్టేషనుకి వెళ్లారు.

“ఎలా పోల్సుకుంటాం నాన్నా?”

“మొహం ఎందుకమ్మీ మనకి,” అని సన్యాసయ్య దిగేవాళ్ల కాళ్లే చూస్తూ నిలబడ్డాడు. చెప్పులు, చెప్పులు, బూట్లు, ఉత్త కాళ్లు. నాలుగో బోగీలోంచి ఒక పొడుగాటి సన్నటి మనిషి దిగాడు. పాత గుడ్డబూట్లు. ఎడమదాని తాడు బిగించి బిగించి కట్టి ఉంది. కుడిదాని ముందుభాగం బ్లేడుతో కోసి ఉంది, వేళ్లు బయటికి రావడానికి.

“అడుగో!” అన్నాడు సన్యాసయ్య.

ముగ్గురూ బెంచీ దగ్గరికి చేరారు. కొత్తవాళ్లు కలిస్తే మాట్లాడుకునే మాటలేవీ వాళ్లు మాట్లాడుకోలేదు. ఇద్దరూ కూర్చుని కాళ్లు బయటికి తీసి, పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. పెద్ద పాదం పక్కన పెద్ద పాదం, అటొక చిన్నది, ఇటొక చిన్నది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఎప్పుడూ పాదం వెనక్కి లాక్కునే సన్యాసయ్య ఆ రోజు లాక్కోలేదు.

“మా అమ్మ అనేది, నీలాంటివాడు ఇంకొకడు ఎక్కడో ఉంటాడని. నన్ను ఓదార్చడానికి అంటోందనుకునేవాణ్ని,” అన్నాడు మనోరంజన్.

బూట్లు తొడిగి తాళ్లు కట్టుకుని లేచాడు. పది అడుగులు వేశాడు. వెనక్కొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. ఉన్నట్టుండి పరుగందుకున్నాడు. ప్లాట్‌ఫారం చివరిదాకా పోయాడు.

“నాన్నా, బూట్లట్టుకుని పారిపోతన్నాడేటి?”

“పోనీయే అమ్మీ. ఆడికి నలబై ఏళ్లకి దొరికేయి,” అన్నాడు సన్యాసయ్య.

మనోరంజన్ రొప్పుతూ తిరిగొచ్చాడు. కూర్చుని, ఎదుటివాడి రబ్బరు చెప్పుల వంక చూశాడు. ముఖంలో నవ్వు తగ్గింది. “మరి మీకో అన్నా?” అన్నాడు. తరవాత ఏదో ఆలోచిస్తూ వేళ్లు ముడిచాడు, విప్పాడు. “ఏడో నంబరు జత ఒకటి, తొమ్మిదో నంబరు జత ఒకటి కొంటే...”

మిగతాది సన్యాసయ్యే అందుకున్నాడు. “పెద్ద ఎడందీ సిన్న కుడిదీ నాకు. సిన్న ఎడందీ పెద్ద కుడిదీ నీకు. ఓలమ్మో, ఏటీ మిగల్దు!”

ఇద్దరూ ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకుని ఊపేసుకున్నారు.

ఢిల్లీశ్వరరావు షాపు మెట్ల దగ్గరికొచ్చేసరికి సన్యాసయ్య ఆగాడు. మనోరంజన్‌కి ఆ సంగతి తెలియదు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. ఆదివారం గనక షాపు నిండా జనం. సన్యాసయ్య ఒక్క క్షణం తటపటాయించి, స్టూలు జరుపుకుని రెండు కాళ్లూ దానిమీద పెట్టాడు. పక్కనే మనోరంజన్ తన రెండూ పెట్టాడు. ఢిల్లీశ్వరరావు కళ్లజోడు సవరించుకున్నాడు. నాలుగు పాదాలనీ ఇటునుంచి అటు చూశాడు, అటునుంచి ఇటు చూశాడు.

“సన్యాసీ! ఈడెక్కడ దొరికేడ్రా నీకు?”

“కుందురలో ఉన్నాడు బాబూ, ఇన్నాళ్లూ. ఈపాలి జత ఇడదీస్తాం. ఏటీ మిగల్చం.”

ఢిల్లీశ్వరరావు పనివాళ్లనెవరినీ పిలవలేదు. తనే కింద కూర్చున్నాడు. బొటనవేళ్ల దగ్గర నొక్కి చూశాడు, మడమ దగ్గర వేలు పెట్టి చూశాడు. “ఈ రకం నీ ఎడంకాలికి బిగుతు. నీ పాదం ఎడల్పు. ఆగు,” అని అటకమీంచి ఇంకో రకం దింపించాడు. అదీ తీసేసి మూడోది తెచ్చాడు. సన్యాసయ్యకి ఆశ్చర్యమేసింది. ఇన్ని రోజులూ ఫోనులో నంబర్లు చెప్పుకున్నారే గానీ, తన పాదం వెడల్పని ఎవరూ అనలేదు, తనకీ తెలియదు.

తాళ్లు కడుతూ ఢిల్లీశ్వరరావు తలెత్తకుండానే అన్నాడు. “ఆ దినం ఆలు నవ్వితే నాను ఊరుకున్నాను. మందలించాల్సింది. తరవాత సానాసార్లు అనుకున్నాను.”

“అదెప్పుటి మాటో బాబూ,” అన్నాడు సన్యాసయ్య. “ఈ కాలు సూడు, ఎంత బాగున్నాదో!”

షాపులో ఉన్న జనం ఆ సరికి తమ బేరాలు మానేసి వీళ్ల చుట్టూ చేరారు. ఇద్దరూ లేచి షాపు మధ్యలో ఎదురెదురుగా నిలబడి కవాతు తొక్కారు. ‘బాయాఁ, దాహిన్’ అని పుష్ప లెక్క పెట్టింది. ఒక ముసలావిడ చప్పట్లు కొట్టింది. ఢిల్లీశ్వరరావు అందరికీ టీ తెప్పించాడు.

“ఇకమీదట ఇద్దరూ ఒక్కసారే రండి. ఏసంకాలం సేండల్స్ కూడా ఒస్తాయి,” అన్నాడు.

సైటువాళ్ల జత సంగతి వచ్చేసరికి, దాని ధర ఇస్తానని మనోరంజన్ పట్టుబట్టాడు. సన్యాసయ్య వద్దన్నాడు. చివరికి పుష్ప మధ్యవర్తిగా నిలబడి ఇప్పించింది. మనోరంజన్ రెండు జతల బూట్లతో, దేముడమ్మ కట్టిచ్చిన పులిహోరతో సాయంత్రం రైలెక్కాడు.

రిపబ్లిక్ డే పొద్దున్న చలి గజగజలాడిస్తోంది. పోలీసులు, ఎన్‌సీసీ పిల్లలు, బడిపిల్లలు అయ్యాక మునిసిపాలిటీ జట్టు వచ్చింది. ముందు సన్యాసయ్య. బోర్డు నిటారుగా పట్టుకుని, మెడ బిగించి, అడుగు నేలకి తాకిన ప్రతిసారీ టక్కుమనేలా నడిచాడు. కుడికాలు ఎంత ఎత్తున విసిరినా బూటు కాలితోనే ఉంది. “అడుగో, మా పుష్ప నాన్న!” అని దేముడమ్మ జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి ముందుకొచ్చేస్తే కానిస్టేబులు వెనక్కి పంపాడు. ఆమె మళ్లీ వచ్చింది. పుష్ప వీడియో తీసి అక్కడినుంచే కుందురకి పంపింది. మనోరంజన్ దాన్ని వాళ్ల ఆఫీసులో అందరికీ చూపించాడట. భార్య లక్ష్మిప్రియకి ఎనిమిదిసార్లు చూపించాడట.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక సన్యాసయ్య లోపలికి రాలేదు. దేముడమ్మ కోడికూర వండి, పీట వేసి, రెండుసార్లు పిలిచింది.

“బూట్లిప్పి లోనికి రావేటి? అన్నం సల్లారిపోతాది.”

“బూట్లిప్పితే గదా రావడం,” అన్నాడతను అరుగు మీంచి.

“ఇప్పవా మరి?”

“ఇయాలొద్దే. ఇయాలొక్క పూటా ఉండనీ.”

దేముడమ్మ గుమ్మంలో నిలబడి అతన్నీ, ఆ నల్లగా మెరుస్తున్న బూట్లనీ చూసింది. లోపలికి వెళ్లి కంచంలో అన్నం, కూర సర్దుకొచ్చి అతని ఒళ్లో పెట్టింది. తనూ ఓ కంచం తెచ్చుకుని అరుగు మీద పక్కనే కూర్చుంది. వీధిలో పోయేవాళ్లు పలకరిస్తూ పోతున్నారు. సన్యాసయ్య కాళ్లు ముందుకి చాపుకుని, ఎండలో, ముద్ద ముద్దకీ ఊగుతూ అన్నం తిన్నాడు.