ఒప్పుకున్న ఆట

ఆటకార్డుల కొట్టు నడిపే ఆవిడను అక్కడికి వచ్చేవాళ్లంతా వదిన అనే పిలుస్తారు. సొంత మరిది పిలవగా విని అందరికీ అదే అలవాటైంది. ముందు గదిలో గాజు అలమర నిండా విడి కార్డులు, వెనక గదిలో రెండు పొడవాటి బల్లలు. ఇవి పేకముక్కలు కావు; ఒక్కో కార్డుకు ఒక్కో శక్తి, కావలసినవి కొనుక్కుని ఎవరి కట్ట వాళ్లే కట్టుకుని ఆడాలి. బల్లల మీద ఆట సాగితేనే అలమరలో సరుకు కదులుతుందని ఆమె లెక్క. బల్ల దగ్గర ఓడినవాడు లేచొచ్చి, తనను ఓడించిన కార్డే కొనుక్కుపోతాడు. తెర మీద ఓడినవాడితో ఆమెకు వచ్చే బేరమేముంది?

అందుకే, పెద్దపోటీకి మనిషిని ఎంచే ఆట ఈసారి ఆన్‌లైన్‌లోనే అని ఆ కార్డులు తయారుచేసే కంపెనీ అన్నప్పుడు ఆమెకు ఒళ్లు మండింది. కొట్టులో గెలిచిన దర్జీ బాబాయికీ, ఆన్‌లైన్‌లో గెలిచిన మరిదికీ మధ్య ఆట. తీరా ఆ పెద్దపోటీలో మాత్రం ఎదురెదురుగా కూర్చుని, చేత్తోనే కార్డులు వేయాలట.

"ఈత పోటీకి గట్టు మీద పరిగెత్తించి మనిషిని ఎంచినట్టుంది," అంది.

బాబాయిది కుట్టుమిషను ముందు కూర్చుని సంపాదించిన ఓపిక. ఆయన కార్డుల కట్టా అంతే. అందులో మూడు కార్డులు కలిశాయంటే గానుగ తిరిగినట్టే. ఒకటి ఎదుటివాడి ప్రాణాల్లో ఒకటి తీస్తుంది, రెండోది దాన్ని వెనక్కి చేతికి తెస్తుంది, మూడోది మళ్లీ వేయనిస్తుంది. బల్ల దగ్గర అదంతా చివరిదాకా తిప్పే పని లేదు. ఒక్కసారి చూపించి, "ఇలాగే నీ ప్రాణాలన్నీ అయ్యేదాకా. ఒప్పుకున్నావా?" అంటాడు. అడ్డుకునే కార్డు లేనివాడు "ఒప్పుకున్నా" అని సర్దేసుకుంటాడు. ఆ మాటతో ఆట అయిపోయినట్టే. మరిదికి ఆ మర్యాద నేర్పింది బాబాయే.

ఆట రోజున మరిది ఇంట్లో తన గదిలో, బాబాయి కొట్టు వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మూడు కార్డులూ కలిశాయి. బాబాయి గానుగ ఒకసారి తిప్పాడు. తెర పక్కన మాటలు రాసే చోట, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ "ఒప్పుకున్నావా?" అని కొట్టాడు.

"ఒప్పుకున్నా మాస్టారూ," అని జవాబొచ్చింది.

బాబాయి మౌసు వదిలేసి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. గెలిచాడు కదా అని వదిన టీ తేవడానికి వెళ్లింది. మిషనుకు మనుషుల ఒప్పందాలేం తెలుసు? ఆమె తిరిగొచ్చేసరికి ఆయన వంతు సమయం అయిపోయి, ఓడినట్టు తెర మీద పడి ఉంది.

"నేనేం చేశానమ్మాయ్?"

"మీరేం చేయలేదు బాబాయ్. అదే తప్పయింది."

కంపెనీకి ఫిర్యాదు రాస్తే, 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని క్షణంలో వచ్చింది. చదివిన మనిషే లేడని ఆ వేగమే చెప్పింది.

మర్నాడు మరిది నవ్వుకుంటూ వచ్చాడు.

"వదినా, పెద్దపోటీకి నా కట్ట కట్టాలి. ఇన్నాళ్లూ ఆన్‌లైన్‌లో అద్దె కార్డులతో ఆడాను. చేతిలో ఒక్కటీ లేదు."

"ఒప్పుకున్నానని ఎందుకు కొట్టావు?"

"ఆయన తిప్పితే చచ్చేవాణ్ణే కదా, ఒప్పుకున్నా. ఆయన తిప్పలేదు. మాస్టారూ, మౌసు పట్టుకోండీ అని ఫోన్ చేయాలా?"

"చేస్తే నోరు అరిగిపోయేదా?"

"రూలు ప్రకారమే గెలిచాను."

"రూలు మిషనుది. మాట నీది. సాయంత్రంలోగా నువ్వు తప్పుకుంటే ఆ చోటు ఆయనకు వస్తుంది. తప్పుకో."

"నాకేమన్నా పిచ్చా?"

మూలన కూర్చున్న బాబాయి కదిలాడు. "ఇచ్చెయ్యమ్మాయ్. మంచి బేరం. ఇంట్లో గొడవెందుకు?"

"మీరు ఊరుకోండి బాబాయ్! మీ మెత్తదనం మీదే వీడు వ్యాపారం చేశాడు."

ఆమె లెక్క వేసుకోకపోలేదు. పూర్తి కట్ట అంటే ఈ మధ్య తగలని బేరం. రాత్రి మొగుడి సణుగుడు దానికి అదనం. కానీ ఇవాళ వీడికి అమ్మితే, రేపు ఆ బల్లల దగ్గర ఎవడి 'ఒప్పుకున్నా'ని ఎవడు నమ్ముతాడు? ప్రతివాడూ చివరిదాకా తిప్పమంటాడు. నాలుగు ఆటలు సాగే పూట ఒకటి సాగుతుంది. విసిగి సగం మంది మానేస్తారు. వీడు ఓడించింది బాబాయి ఒక్కణ్ణే కాదు.

"అమ్మను," అంది.

"అన్నయ్యతో చెప్తా!"

"చెప్పు. ఎందుకు అమ్మలేదో కూడా కలిపి చెప్పు."

మరిది విసురుగా బయటికి వెళ్లి, పేవ్‌మెంట్ మీద నిలబడి వేరే కొట్లకు ఫోన్లు మొదలెట్టాడు. "కట్ట ఓ వారం అద్దెకిస్తారా?" అన్న మాట లోపలికి వినపడింది. అవతల ఏమన్నారో గాని, ఫోన్ చెవి నుంచి దించి దానికేసి గుర్రుగా చూశాడు. మళ్లీ ఇంకో నంబరు.

బాబాయికి చూడబుద్ధి కాలేదు. "పాపం అమ్మాయ్, లోపలికి పిలవనా?"

"సాయంత్రం దాకా తలుపు తెరిచే ఉంటుంది," అంది వదిన, అలమరకు తాళం వేస్తూ. "తప్పుకున్నానని కంపెనీకి చెప్పి రమ్మనండి. టీ కూడా ఇస్తాను."