ఈలకు వదిలిన తాడు

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆమెను అందరూ బస్తా అనేవాళ్ళు. ముద్దుపేరేం కాదు, చిన్నప్పటి వెక్కిరింపే అలా పేరై కూర్చుంది. పరుగుపందెంలో ఆఖరు, తొక్కుడుబిళ్ళలో గీత తొక్కేది. ఆ ఒంటిని రమ్మని పిలిచిన ఆట తాడులాగుడొక్కటే. జట్టు చివర తాడు నడుముకు చుట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి నిలబడిందంటే ఏనుగొచ్చి బతిమాలినా జరగదు.

దేశదేశాల ఆటల పోటీల్లో ఈసారి కొత్తగా ఒక్క ఆటకే చోటుందట. అది తాడులాగుడుకు ఇవ్వొచ్చా అని చూడ్డానికి ఆటల సంఘం పెద్దాయన వచ్చాడు. తేల్చే మాట ఆయనదే. లాండ్రీ ఆడవాళ్ళకూ ఫైర్ స్టేషన్ ఆడవాళ్ళకూ మూడు లాగుళ్ళ పోటీ పెట్టారు.

"దీనికి చోటిస్తే రేపు బీరువాలు జరపడం కూడా ఆటే అంటారు," అన్నాడు పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి.

ఆ మాట బస్తా చెవిన పడనే పడింది. ఒళ్ళు మండిపోయింది. తనను రమ్మన్న ఒక్క ఆటనూ ఇంత మాటంటాడా!

రెఫరీ ఈల ఊదాడు. అంతే, లాండ్రీ జట్టంతా ఠక్కున తాడు వదిలేసి చేతులు పైకెత్తింది!

ఏం చేస్తారు మరి? దుప్పట్లు ఇస్త్రీచేసే పెద్ద రోలరు దగ్గర ఈల మోగిందంటే ఎవరి చెయ్యో అందులో పడబోతున్నట్టే. పట్టుకున్నది వదిలి చేతులెత్తాలి. ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిన అలవాటది. ఫైర్ స్టేషన్ వాళ్ళు వెల్లకిలా పడ్డారు. నడుముకు తాడున్న బస్తా ఎత్తిన చేతులు ఎత్తినట్టే గీత దాటి వెళ్ళి వాళ్ళ మీద వాలింది.

జనం పొట్టలు పట్టుకున్నారు. పెద్దాయన గొడుగు తీసుకుని లేచాడు.

"సార్, కూర్చోండి! ఇంకా రెండున్నాయి," అంది బస్తా మట్టి దులుపుకుంటూ.

"చూశాంగా తల్లీ, సర్కస్!"

"సర్కస్‌కైతే టికెట్టు కొని మరీ చివరిదాకా కూర్చుంటారుగా! కూర్చోండి."

నవ్వొచ్చి కూర్చున్నాడాయన.

"మళ్ళీ ఈలేస్తే నా చెయ్యి ఆగదు వదినా," అంది జట్టులో ముందు నిలబడే బస్తా ఆడపడుచు బిక్కమొహంతో.

"వినపడితేగా! నేను హైలెస్సా అంటా, మీరు గొంతు చించుకుని అందుకోండి. రెఫరీ చెయ్యి దించగానే లాగడమే."

"నీ గొంతుకు రోలరే జడుసుకుంటుంది, ఈలెంత!"

రెండో లాగుడు లాండ్రీది. మూడోదానికి తాడు కదల్లేదు. ఇటు వాళ్ళు, అటు వాళ్ళు, మధ్యలో బిగుసుకుపోయిన ఎర్రగుడ్డ. నవ్విన జనమే గీత దాకా తోసుకొచ్చారు. బస్తా కాళ్ళు మట్టిలోకి దిగుతున్నాయి, అరిచి అరిచి గొంతు బొంగురుపోతోంది. ఎదుటి జట్టు ఊపిరి తీసుకున్న ఆ కాస్త సందులో ఆమె ఒళ్ళంతా వెనక్కి వేసింది.

"హైలెస్సా!"

ఎర్రగుడ్డ గీత దాటింది. రెఫరీ ఆగమని ఈల వేశాడు. వినేదెవరు? కేకలేసుకుంటూ ఫైర్ స్టేషన్ జట్టును కుర్చీల వరసదాకా లాక్కొచ్చేశారు. అక్కడ పెద్దాయన గొడుగెక్కడో పారేసి, కుర్చీ ఎక్కి "లాగు బస్తా, లాగు!" అని అరుస్తున్నాడు. ఆ పేరు వింటే మొదటిసారి ఆమెకు ఒళ్ళు పులకరించింది.

"బీరువా మాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడాయన కిందికి దిగి, ఆయాసపడుతూ. "ఆ చోటు ఈ ఆటదే!"

సంతోషం పట్టలేక రెఫరీ మళ్ళీ ఈల ఊదాడు. ఈసారి అందరికీ వినపడింది. లాండ్రీ జట్టంతా తాడు వదిలేసి, రెండు చేతులూ పైకెత్తింది.