శరత్తు లేని ఊళ్లో జపాను విసనకర్ర

ఎనభై ఆరు గోదావరి వరద వచ్చిపోయిన మరుసటి ఎండాకాలం సంగతి ఇది. నేను ఒక జపాను విసనకర్రను. వెదురు పుల్లలు, మందపాటి కాగితం, దాని మీద కుంచెతో రాసిన ఐదు వరసల కవిత. నా చదువంతా ఆ ఐదు వరసలే.

అందులో ఏముందంటే, శరత్కాలపు గాలి వచ్చిందట, పక్కన పెట్టేసిన విసనకర్ర మీద మంచు కురిసిందట. అంతే. మా దేశపు పాత కవులు ఏడుపును ఏడుపని రాయరు. మంచు అంటే కన్నీళ్లు. చల్లబడ్డాక మూల పడేసిన విసనకర్ర అంటే, మగవాడికి మొహం మొత్తిన ఆడమనిషి. ఇంత దుఃఖం మోస్తున్నానని నాకు మహా గీర.

నన్ను వెంట తెచ్చిన జపాను ఓడ వంటవాడు ఒక బుట్టెడు పీతలకి నన్ను కాకినాడలో ఇచ్చేశాడు. సగం గీర అక్కడ పోయింది. పుచ్చుకున్నది రేవు నుంచి ఓడలకి సరుకు చేరేసే బార్జీ నడిపే ఎర్రయ్య. వాళ్లింట్లో నాతో కుంపటి విసిరారు. మిగతా సగమూ పోయింది.

ఎర్రయ్య నోరు విప్పడం అరుదు. ఆ వేసవిలో అత్తగారు పోతే పాడె మోశాడు, స్నానం చేసి వచ్చాడు, ఒక్క ముక్క అనలేదు.

"మాయమ్మ పోతే అయ్యో అన్నాడు కాదు. బండరాయితో కాపరం నావల్ల కాదు," అని భార్య మసేనమ్మ ఉప్పాడలో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లు చూసి, ఎర్రయ్య నన్ను చంకన పెట్టుకుని బయల్దేరాడు. అలిగిన పెళ్లాం దగ్గరికి, నువ్వంటే మొహం మొత్తిందనే కవితా! చదవగలిగినవాళ్లు ఒక్కరుంటే ఆ కాపరం ఆ పూటే కూలేది.

మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. మసేనమ్మ అన్నం తింటోంది. ఆయన పక్కన కూలబడి, నన్ను విప్పి, ఆవిడకి విసరడం మొదలెట్టాడు.

"ఏటన్నయ్యగోరూ, నోరు బార్జీలో మర్చిపోయొచ్చారా?" అంది తమ్ముడి పెళ్లాం.

ఆయన విసురుతూనే ఉన్నాడు.

"చాల్లే. చెయ్యి లాగదా?" అంది మసేనమ్మ, మొహం చూడకుండా.

ఫట్‌మని నా పుల్ల ఒకటి విరిగింది. అయినా ఆపలేదు.

"మీయమ్మ నాకిలాగే ఇసిరేది. నే తిని లేచేదాకా ఆపేది కాదు," అన్నాడు.

మసేనమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నీకే ఇసిరేది. నాకెప్పుడైనా ఇసిరిందా ముసల్ది?" అంది. ఏడుస్తూనే నవ్వింది.

మా కవికి ఐదు వరసలు కావాల్సొచ్చింది. ఈయనకి రెండు ముక్కలు సరిపోయాయి. అయినా ఈ ఊళ్లో శరత్తు ఎక్కడేడ్చింది? ఎండ, వాన, మళ్లీ ఉక్క. విసనకర్రని మూల పడేసే కాలమే లేదు. ఇన్నాళ్లూ ఇక్కడ చెల్లని దుఃఖం మోసుకు తిరిగానని సిగ్గేసింది. కొంచెం హాయిగానూ ఉంది.

మర్నాడు పొద్దున ఎర్రయ్య బావమరిది దగ్గర వల దారం అడిగి నా విరిగిన పుల్లకి చుట్టాడు. ముడి సరిగ్గా మంచు అన్న అక్షరం మీద పడింది. నన్ను మసేనమ్మ చేతికిచ్చి, ఆవిడ సంచీ భుజాన వేసుకుని, కాకినాడ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి ఇద్దరికీ సీటు పట్టాడు.