ఇతరాలు

సోమవారం కేసు షీటులో స్పీచ్ థెరపిస్టు ఒక వాక్యం రాసింది: "అడిగినదానితో సంబంధం లేని శబ్దాలు." కింద ఉదాహరణలు ఇచ్చింది. డూమ్, స్లడ్జ్, గ్రైండ్.

రోగి పాటల రికార్డులమ్మే దుకాణం నడిపేవాడు. పన్నెండు రోజుల కిందట కౌంటరు వెనక కూలబడ్డాడు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. వారానికి మాట తిరిగొచ్చింది గానీ ఎవరికీ అర్థం కాలేదు.

శుక్రవారం మళ్లీ పరీక్ష. అడిగింది అర్థమై జవాబు చెబుతున్నాడని తేలితే మాట నేర్పే వార్డులో ఆరు వారాలు ఉంచుతారు. తేలకపోతే వెనక బ్లాకులో దీర్ఘకాలపు వార్డుకు పంపుతారు. అక్కడ తిండి పెడతారు, పక్క మారుస్తారు. మాట నేర్పరు.

రోగి భార్య దర్జీ. బుధవారం ఆమె తమ్ముణ్ని వెంటబెట్టుకొచ్చింది. అతను లిఫ్టు మెకానిక్కు. అంతకుముందు మెటల్ అనే హోరు సంగీతం వాయించే ఒక బ్యాండులో డ్రమ్ములు వాయించాడు. బావతో మాట్లాడి పదకొండేళ్లయింది.

గొడవ ఒక అట్టముక్క దగ్గర వచ్చింది. బావ దుకాణంలో మెటల్‌కే నలభై అరలు. ప్రతి అరకూ అట్టముక్క, దాని మీద స్కెచ్‌పెన్నుతో రకం పేరు. నెమ్మదిగా, బరువుగా సాగేది డూమ్. అదే బురదలో కాలు ఈడ్చినట్టు మోగితే స్లడ్జ్. దెబ్బలు లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా పడితే గ్రైండ్. ఒకే స్వరాన్ని నిమిషాల తరబడి లాగితే డ్రోన్. దర్జీకి ఇవన్నీ ఒకటే రొద. బావకు మాత్రం ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య గోడ ఉంది.

తమ్ముడి బ్యాండు ఒక్క రికార్డు చేసింది. అతను దాన్ని తెచ్చి బావ చేతికిచ్చాడు. బావ మూడుసార్లు విని, తలుపు పక్క అరలో పెట్టాడు. ఆ అరలో పక్షుల కూతల రికార్డు, టైపు నేర్పే క్యాసెట్లు ఉండేవి. దాని అట్టముక్క మీద ఉన్న మాట: ఇతరాలు.

"నలభై అరలున్నాయి బావా. మాకు ఒక్కటీ దొరకలేదా?"

"డూమ్‌లో పెడితే నాలుగో పాటకి కొన్నవాడు వెనక్కి తెస్తాడు. గ్రైండ్‌లో పెడితే మొదటి పాటకే తెస్తాడు. అర మీద పేరంటే కొనేవాడికి నేనిచ్చే మాటరా."

"ఇతరాలంటే చెత్తబుట్టకి మర్యాద పేరు."

"పేరు లేనిది చేశావు. నన్నేం చెయ్యమంటావు?"

"వినమంటాను."

"మూడుసార్లు విన్నానుగా."

ఆ తర్వాత తమ్ముడు ఆ వీధి గుండా వెళ్లడం మానేశాడు. రికార్డును ఎవరూ కొనలేదు. పక్షుల కోసం వచ్చినవాళ్లకు డ్రమ్ములు అక్కర్లేదు, డ్రమ్ముల కోసం వచ్చినవాళ్లు ఆ అర వైపు చూడలేదు.

బుధవారం వార్డులో తమ్ముడు మంచానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. బావ అతని వైపు చూసి, పైకప్పు వైపు చూశాడు. నర్సు జావ గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"స్లడ్జ్," అన్నాడు బావ.

తమ్ముడు ఫక్కున నవ్వాడు.

"నవ్వెలా వస్తోందిరా నీకు?" అంది అక్క.

"జావని చూసి అన్నాడక్కా. దానికి అంతకంటే సరైన పేరు నేను పెట్టలేను."

"నీకూ ఎక్కిందా ఏంటి?"

"ఉండు, చూద్దాం."

పక్క మంచం మీద ముసలాయన గురక పెడుతున్నాడు. బావ ఎడమచేత్తో అటు చూపించి, "డ్రోన్," అన్నాడు. చక్రం ఊడిన ట్రాలీ వరండాలో పోయింది. "గ్రైండ్." సెలైన్ సీసాలో చుక్క పడింది. చాలాసేపటికి ఇంకోటి పడింది. "డూమ్." తమ్ముడు బొటనవేలితో మంచం కమ్మీ మీద ఆ చుక్కలకు తాళం వేశాడు. సరిపోయింది.

"ఈయన వాగట్లేదక్కా. అట్టముక్కలు పెడుతున్నాడు."

అక్క జావ గిన్నె పక్కకు జరిపింది.

"నన్ను చూస్తే కూడా డూమ్ అంటున్నాడు. రోజూ. డూమ్ అంటే నాశనమని అర్థం చెప్పింది ఆ నర్సు."

"నర్సుకేం తెలుసు? దుకాణం తెరవగానే మొదట ఏం పెట్టేవాడు?"

"ఏమో. గేదె మూలిగినట్టుండేది. రోజూ అదే."

"అదే డూమ్. ఆయనకి ప్రాణం. నేనెరిగినన్నాళ్లూ పొద్దున్నే ఇంకోటి పెట్టలేదు."

అక్క దుప్పటి అంచు సర్దింది. "దానికో మంచి పేరు పెట్టుకోలేకపోయారా మీవాళ్లు," అంది.

గురువారం తమ్ముడు ఒక కాగితం మీద పంతొమ్మిది పేర్లు, వాటి అర్థాలు రాసి థెరపిస్టుకిచ్చాడు. ఆమె చదివి బల్ల మీద పెట్టింది.

"ఈ అర్థాలు మీవి. ఆయనవేనని ఏంటి నమ్మకం? జావని చూసి డూమ్ అన్నా మీరు ఏదో ఒకటి అతికించేవారు."

"అతికించేవాణ్ణేనండీ," అని ఒప్పుకున్నాడు తమ్ముడు.

"అయితే ఒక పని చేద్దాం. నేను ఆరు ప్రశ్నలు రాసిస్తాను. ఆయన ఏం చెబుతారో మీరు ముందే రాసివ్వండి. పరీక్షప్పుడు మీరు బయట కూర్చోవాలి."

శుక్రవారం పదింటికి తమ్ముడు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపల థెరపిస్టు, అక్క, బావ. ఈ గదిలో గోల చేసేది ఏది అని అడిగితే బావ మూలనున్న చక్రం ఊడిన ట్రాలీ వైపు చూసి "గ్రైండ్" అన్నాడు. కాగితం మీద అదే ఉంది. గురక గురించి అడిగితే "డ్రోన్" అన్నాడు. జావకూ, సెలైన్‌కూ కూడా జవాబు కలిసింది. ఐదో ప్రశ్నకు వేరే పేరు చెప్పాడు. ఆరో ప్రశ్నకు పలకలేదు.

"ఆరింటికి నాలుగు," అంది థెరపిస్టు. "అర్థం చేసుకుంటున్నారనిపిస్తోంది. కానీ అమ్మా, ఇవి ఆయన రోజూ పలికిన సరుకు పేర్లు. దుకాణంలోది కాకుండా మనిషి గురించి ఒక్క మాట వస్తే నేను సంతకం పెట్టగలను."

ఆమె తలుపు తీసి తమ్ముణ్ని లోపలికి పిలిచింది. మంచం ఎదురుగా నిలబెట్టింది.

"సార్, వీరు మీకేమవుతారు?"

బావ పెదాలు కదిలాయి. మాట రాలేదు. అక్క చీర కొంగు పట్టుకుని నిలబడింది. థెరపిస్టు గడియారం చూడలేదు. సెలైన్ చుక్కలు తొమ్మిది పడ్డాయి.

"ఇ," అన్నాడు బావ. "ఇత. ఇతరాలు."

థెరపిస్టు కాగితం పైనుంచి కిందదాకా చూసింది. "ఇది మీ లిస్టులో లేదే?"

"నేనే రాయలేదండీ," అన్నాడు తమ్ముడు.

"ఎందుకు?"

"రాయబుద్ధి కాలేదు."

"అర్థమేంటి?"

"పదకొండేళ్ల కిందట నన్ను పెట్టిన అర అండీ. నేనెవరో గుర్తుపట్టాడు."

"ఇదీ దుకాణం మాటేగా?"

"అట్టముక్క దుకాణందే. కానీ ఇప్పుడు దాన్ని సరుక్కి కాదు, మనిషికి పెట్టాడుగా."

థెరపిస్టు అక్క వైపు చూసింది. అక్క తలూపింది. బావ ఎడమచెయ్యి ఎత్తి, తమ్ముణ్ని దగ్గరికి రమ్మన్నట్టు రెండు వేళ్లు ఆడించాడు. తమ్ముడు వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు.

"అందులోనే ఉంచావా బావా ఇంకా?"

"ఇతరాలు," అన్నాడు బావ. ఈసారి తడబడలేదు.

థెరపిస్టు కేసు షీటు తెరిచి, సోమవారం నాటి వాక్యంలో "లేని" అన్న మాటను కొట్టేసి, పైన "ఉన్న" అని రాసింది. "శబ్దాలు" కొట్టేసి "మాటలు" అని రాసింది. పక్కన సంతకం పెట్టింది.

వార్డు మార్చడానికి ఒక ఫారం నింపాలి. అక్క కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి రావడంతో తమ్ముడే నింపాడు. ఆ ఆరు వారాలూ వెంట తనే ఉంటానన్నాడు. "వెంట ఉండేవారికి రోగితో సంబంధం" అన్న చోట నాలుగు గళ్లున్నాయి. భార్య లేదా భర్త, సంతానం, తోబుట్టువులు, ఇతరులు. బావమరిదికి గడి లేదు.

అతను నాలుగో గడిలో టిక్కు పెట్టాడు.