ఎర్ర సున్నా చుట్టిన కొండ

మా ఊళ్ళో ఎవరి కడుపులో పుండుందో, ఎవరి కోడలు ఎందుకు అలిగి పుట్టింటికి వెళ్ళిందో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే, ఎవరి సొంగి ఎక్కడ మొలుస్తుందో.

సొంగి అంటే పైన్ చెట్ల కింద మొలిచే పుట్టగొడుగు. విత్తితే రాదు. ఏటా అదే చెట్టు మొదట్లో, అదే మట్టిలోంచి, ఎండలు తగ్గాక ఒక నెల రోజుల పాటు తల ఎత్తుతుంది. తీసినవాళ్ళు ఆ గుంటని అరచేత్తో అదిమి, పైన రాలిన ఆకు కప్పి రావాలి. దాని ప్రాణమంతా మట్టి లోపల తెల్లటి దారాల్లా పరుచుకుని ఉంటుంది. అది తెగిందా, ఇక ఆ చోటు మీద ఆశ వదులుకోవలసిందే. మా ఇంటి చలికాలమంతా ఆ నెల రోజుల మీదే నడుస్తుంది.

అందుకే తెల్లవారుజామున అమ్మ నెత్తికి లైటు కట్టుకుని బయల్దేరి, వంతెన దాటాక దాన్ని ఆర్పేసి, వెళ్ళవలసిన వైపు కాకుండా ఇంకోవైపు నడుస్తుంది. దారిలో ఎవరైనా ఎదురైతే ఇద్దరూ ఒకే మాట అనుకుంటారు.

"ఎక్కడికి?"

"వేరుగడ్డలకి."

"నేనూ వేరుగడ్డలకే."

ఆ నెలలో మా ఊరికి వచ్చిన కొత్తవాడెవడైనా, ఈ ఊరంతా వేరుగడ్డలు తిని బతుకుతోందనుకుంటాడు.

మా నాయనమ్మ తన చోటు కన్నకొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పింది. "వాడికి రెండు గిన్నెల మక్కొల్లి కల్లు పడితే పుట్టినప్పటి నుంచి చెప్పుకొస్తాడు" అందట. నాన్న ఏమీ అనుకోలేదు. "తెలియకపోతేనే సుఖం, నిశ్చింతగా తాగొచ్చు" అంటాడు ఇప్పటికీ. ఇక అమ్మ ఎవరికి చెప్పాలి? అన్నయ్య సేహో ఉల్సాన్‌లో బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నేను తేగులో డిగ్రీ రెండో సంవత్సరం. నాకు అక్కర్లేదన్నట్టు తిరిగేదాన్ని గానీ, ఆ చోటు నాకే చెప్పాలని చిన్నప్పటి నుంచీ ఉండేది. అన్నయ్యకి చెబితే నేను ఓర్చుకోలేను.

ఈ ఏడు చుసోక్ పండగకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ తెల్లవారుజామున నన్ను లేపింది. "సేబినా, లే. బుట్ట మోద్దువు గాని." ఒక్క ఉదుటున లేచాను. నాయనమ్మ కూడా అమ్మని ఇలాగే తీసుకెళ్ళిందట, మొదటి ఏడు కొండ కింద కూర్చోబెట్టి, మరుసటి ఏడు కాస్త పైన, ఆ తర్వాత ఇంకాస్త పైన.

గంటకి పైగా ఎక్కాక, ఒక పెద్ద రాయి దగ్గర నన్ను కూర్చోబెట్టి కింబాప్ పొట్లం చేతిలో పెట్టింది. "ఇది తింటూ కూర్చో. వెనకాల వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా." అరగంటలో తిరిగొచ్చింది. బుట్టలో ఫెర్న్ ఆకుల మీద తొమ్మిది సొంగులు. మొదటి ఏడే ఇంత పైదాకా తెచ్చిందంటే నా మీద ఎంత నమ్మకమో అనుకున్నాను. ఆ సంతోషంలో ఒక ఫోటో తీశాను. అమ్మ చేతులు, మట్టి గోళ్ళు, బుట్ట, వెనక రాయి, దూరంగా కొండ అంచు.

తేగులో మా హాస్టల్ పిల్లలకి ఫోను తిన్నాకే మనుషులు తినడం. అన్నం గిన్నె వస్తే ముందు దాని ఫోటో, జిమ్‌కి వెళితే చెమట ఫోటో, తెల్లారి లేచి చదివితే గడియారం పక్కన పుస్తకం పెట్టి ఫోటో. రుజువు లేకపోతే చేసిన పని చేయనట్టే. నేనూ అంతే. ఆ పిల్లల మధ్య కూర్చుని మా ఊరి సంగతి తలచుకుంటే నవ్వొచ్చేది. ఇక్కడ లేనిది కూడా చూపిస్తారు, అక్కడ ఉన్నది కూడా దాస్తారు. రెండు చోట్లా నేను తేలిగ్గానే బతికాను. రెండూ ఒకదాని ముఖం ఒకటి ఎప్పటికీ చూడవనుకున్నాను.

ఫోటో పెట్టేటప్పుడు జాగ్రత్త పడ్డాను కూడా. ఊరి పేరు రాయలేదు. ఫోనులో స్థలం చూపించేది ఆపేశాను. "మా అమ్మ చేతులు" అని మాత్రం రాశాను. నన్ను చూసేవాళ్ళు మూడు వందల మంది, అందులో సగం మా క్లాసువాళ్ళే.

రెండు రోజుల తర్వాత ఎవరో పెద్ద ఖాతావాడు దాన్ని ఎత్తి తన గోడ మీద పెట్టుకున్నాడు. అంతే, జనం వచ్చి పడ్డారు. ఆ చేతులు చూసి ఏడ్చామన్నవాళ్ళు ఉన్నారు. చేతి తొడుగులు వేసుకోమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఇదంతా పరాయి దేశం సరుకు, నాటకమని తేల్చినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళందరి మధ్యలో బియ్యప్పురుగు అని పేరు పెట్టుకున్నవాడొకడు నింపాదిగా రాశాడు.

"కొండ అంచు మీద కరెంటు టవరు ఉంది చూడండి. దాని పలక మీద నంబరు కనబడుతోంది. నీడని బట్టి పొద్దున ఏడు. రాయి ఇదీ. నలభై నిమిషాలు పట్టింది. హహహ."

కింద ఉపగ్రహం నుంచి తీసిన పటం. దాని మీద ఎర్ర సున్నా.

వాడికి సొంగి తినే సరదా కూడా లేదు. తర్వాత నేను రాస్తే వెంటనే జవాబిచ్చాడు. "అయ్యో, క్షమించండి. నేను పోటీ పరీక్షలకి చదువుతున్నాను. మధ్యలో బుర్ర తేలికపడటానికి ఇలాంటివి చేస్తుంటాను. ఇప్పుడే తీసేస్తాను." తీసేశాడు. మర్యాదస్థుడే. కానీ అప్పటికే ఆ పటం నాలుగు వందల చోట్ల ఉంది.

శనివారం నాన్న ఫోను చేశాడు. "ఏమే, కొండ కింద పదకొండు కార్లున్నాయి. అన్నీ ఊరవతలి నంబర్లే. దంతెలు పట్టుకుని ఎక్కుతున్నారు. ఊరి పెద్ద మైకులో అరుస్తున్నాడు, వినేవాడు లేడు. నీ ఫోటో చూసి వచ్చామంటున్నారు. అది మన చోటేనా?"

"నాకేం తెలుసు నాన్నా? నీకు తెలియదా?"

"ముప్ఫై ఏళ్ళుగా నాకెవరు చెప్పారు?"

సాయంత్రం బస్సు దిగేసరికి కార్లు వెళ్ళిపోయాయి. నేను తిన్నగా రాయి దగ్గరికి ఎక్కాను. కొండ ఆ పక్కంతా అడవిపందులు పడ్డట్టుంది. ఆకు అవతలికి లాగేశారు. మట్టి ఎర్రగా తెరుచుకుని ఉంది. దాని మీద తెల్లటి దారాలు తెగి ఆరిపోతున్నాయి. ఖాళీ కాఫీ డబ్బా ఒకటి, నేను కూర్చున్న రాయి మీదే పెట్టి ఉంది.

ఇంటికి వచ్చేసరికి గదినిండా ఆడవాళ్ళు. మా అమ్మని ఓదార్చడానికి వచ్చారు. అమ్మ మధ్యలో కూర్చుని, నిట్టూర్చవలసిన చోట నిట్టూరుస్తూ, తల ఊపవలసిన చోట ఊపుతూ ఉంది.

"సేహో వాళ్ళమ్మా, ఏం చేస్తాం, పిల్లలకి ఆ ఫోనే దేవుడు" అంది ఒకావిడ.

"మా వాడైతే చన్నీళ్ళు తాగినా ఫోటోనే" అంది ఇంకొకావిడ. "బాత్‌రూమ్ తలుపు వేసుకుంటున్నాడు, అంతవరకు అదృష్టం."

అందరూ వెళ్ళాక చున్యాంగ్ పెద్దమ్మ వచ్చింది. మా ఊళ్ళో కోడళ్ళని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తాం. పెద్దాయన పోయి ఆరేళ్ళు, కొడుకూ కోడలూ ఆవిడతోనే ఉంటారు. గుమ్మడికాయ జావ గిన్నె పట్టుకొచ్చింది.

"తిను, తిను" అంది అమ్మతో. "కడుపు మాడ్చుకుంటే పోయింది తిరిగొస్తుందా? పాడు మనుషులు! తీసుకుంటే తీసుకున్నారు, అదిమి రావచ్చు కదా? ఆ జంట పైన్ కింద ఏడు తలలు, వంగిన రాయి పక్కన నాలుగు, వాగు మలుపులో ఆ చిన్నవి… ఒక్కటీ మిగల్చకుండా దారం అంతా బయటికి లాగి పారేశారు."

అని ఆగిపోయింది.

అమ్మ జావ కలుపుతూనే ఉంది. ఆమె వంక చూడలేదు. నేను చూశాను. పెద్దమ్మ రెండు అరచేతుల గీతల్లో ఎర్ర మట్టి ఇంకా ఉంది, తెగిన చోటల్లా అదుముతూ కూర్చున్నట్టు.

"జావలో తీపి సరిపోయింది వదినా" అంది అమ్మ.

"కాయ మంచిది" అంది పెద్దమ్మ. గిన్నె రేపిమ్మని చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు పడ్డాక అడిగాను. "అమ్మా, అది మన చోటు కాదా?"

"మన చోటుకి నిన్ను తీసుకెళ్తానా? మొదటి ఏడే? పిచ్చిదానా! ఆ తొమ్మిదీ ముందు రోజే తెచ్చి రాయి పైన ఒక పొదలో దాచి వచ్చా. మన చోటు ఆ కొండే కాదు."

నమ్మి తీసుకెళ్ళిందనుకున్నాను కదా, ఆ మాటకి సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "మరి అది పెద్దమ్మదని నీకు తెలుసా?"

"ఆవిడ ఆ వైపు వెళ్తుందని తెలుసు. ఎక్కడో తెలియదు. తెలుసుకోకూడదు. మనకి దూరమని నిన్ను అక్కడ కూర్చోబెట్టా. కూర్చోబెట్టింది నేను, ఫోటో తీసింది నువ్వు. చెరి సగం."

"నేను వెళ్ళి తప్పైపోయిందని చెబుతాను."

మా వయసువాళ్ళకి తప్పు ఒప్పుకోవడం బాగా వచ్చు. తెల్ల కాగితం మీద చేత్తో రాసి, సంతకం పెట్టి, దాన్ని ఫోటో తీసి లోకానికి చూపిస్తాం. రాత అందంగా లేదని మళ్ళీ తిట్టేవాళ్ళు ఉంటారు, అది వేరే సంగతి. నా బుర్రలో అప్పటికే మొదటి వాక్యం తయారైంది.

అమ్మ చెంచా కింద పెట్టింది. "ఏమని చెబుతావు? మీ చోటు పాడు చేశానని చెబుతావా? అంటే నీకు తెలిసినట్టేగా? ఆవిడ ఔననాలి, నాకొక చోటుండేదని ఒప్పుకోవాలి. ముప్ఫై ఏళ్ళు దాచిన నోటితో! చోటు పోగొట్టింది చాలక నోరు కూడా విప్పిస్తావా?"

"మరి ఊరుకోవాలా?"

అమ్మ జావ పూర్తిచేసి, గిన్నె కడిగి, తుడిచి, కొడవలి, చేతి తొడుగులు బయటికి తీసి పెట్టింది. రెండు జతలు.

తెల్లవారుజామున అమ్మ ఆ గిన్నె పట్టుకుని పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడింది. నేను గోడ ఇవతల ఉన్నాను, మాటలు వినబడుతున్నాయి.

"వదినా, నా చోటు అలా అయిపోయింది కదా" అంది అమ్మ. నా చోటు అనే అంది. "ఇంకొకటి చిన్నది ఉంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఒక్కదాన్నే ఎక్కలేను. నువ్వు తోడొస్తే చెరి సగం. నా తర్వాత నువ్వే చూసుకో, నీ తర్వాత నీ కోడలు."

గిన్నె అరుగు మీద పెట్టిన చప్పుడైంది.

"మరి సేబిన్‌కి?" అంది పెద్దమ్మ.

"దాని వాటా అది వాడేసుకుంది."

అంతే. నాకు రావలసిన చోటు అలా నా చెవుల ముందే వేరే ఇంటికి వెళ్ళిపోయింది. ఏడుపు రాలేదు. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు ఏడవడానికి ఏముంటుంది?

వంతెన దాకా రెండు లైట్లు కనబడ్డాయి. తర్వాత ఒకటి ఆరింది. కాసేపటికి రెండోది ఆరింది. ఎటు తిరిగారో ఇక తెలియలేదు. చూడలేదు కూడా, ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. ఫోను తీస్తే ఆ ఫోటో కింద కొత్తగా ఎవరో అడుగుతున్నారు, "నిజం చెప్పండి, అసలు చోటు ఎక్కడ?" అని. "నాకు తెలియదు" అని రాశాను. ఆ ఫోటో కింద నేనిచ్చిన జవాబు అదొక్కటే, అబద్ధం కాదు, అయినా దాన్ని ఎవరూ నమ్మలేదు. నవ్వే బొమ్మలు పెట్టారు. ఫోటో తీసేసి, బస్సుకి సంచి సర్దుకున్నాను.

తొమ్మిదింటికి బస్ స్టాప్ దగ్గర నిలబడితే పెద్దమ్మ వెనక్కి వస్తూ కనబడింది. బుట్ట మీద ఫెర్న్ ఆకులు బిగించి కప్పి ఉన్నాయి. సొంగి వాసనని ఏ ఆకూ దాచలేదు, అది ఆవిడ కంటే పది అడుగులు ముందే వచ్చింది. మోకాళ్ళ దాకా తడి. నన్ను చూసి ఆగింది.

"చలిగా ఉంది, మెడకేమైనా చుట్టుకో. చదువుకుంటున్నావా సరిగ్గా?"

"ఊఁ పెద్దమ్మా." ఊరుకోలేకపోయాను. "చోటు బాగుందా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది, ఇరవై ఏళ్ళుగా నన్ను ఎత్తుకు పెంచిన మనిషి, ఎవరో కొత్తపిల్లని చూసినట్టు.

"ఏం చోటే?" అంది. "మేం వేరుగడ్డలకెళ్ళాం."