చావు దగ్గర ఆపకూడదు

ఆశీర్వాదం రాజమండ్రి మిషన్ బడిలో పంతులు. పాత నాటకాలంటే అతనికి ఒళ్లు మంట. మూడొందల ఏళ్ల కిందటి తాటాకులు చెదలకి తప్ప ఎవరికీ పనికిరావని పిల్లల ముందు బల్ల గుద్ది చెప్పేవాడు. అదంతా తండ్రి మీద కోపం. తండ్రి వీరబ్రహ్మం వడ్రంగం చేసుకుంటూ, జాతర వస్తే ఆ తాటాకుల నాటకమే ఆడుతూ ముసలివాడయ్యాడు. కొడుకు కిరస్తానీ మతం పుచ్చుకున్నాక అతని గుమ్మం తొక్కలేదు.

మనవరాలు ప్రసన్నకుమారి కలరాతో పోయిందని కబురందితేనే వచ్చాడు, తాటాకుల కట్ట చంకలో పెట్టుకుని. నాలుగేళ్ల పిల్ల. సమాధుల దొడ్డిలో పూడ్చింది మొన్ననే. అప్పట్నించీ తల్లి దీనమ్మ కంట చుక్క రాలలేదు, నోట మెతుకు పెట్టలేదు. గోడ వంక చూస్తూ కూచుంది. పాదిరిగారు ప్రార్థన చేశారు, ఇరుగుపొరుగు బతిమాలారు. ఊహూఁ. ఈమె కూడా దక్కదని ఆశీర్వాదానికి గుండె జారిపోయింది.

"ఓసారి నాటకం చదవనియ్యిరా," అన్నాడు ముసలాయన. "నాలుగో అంకంలో రాజుగారి కూతురు పాము కరిచి పోతుంది. ఆ తల్లి ఏడుపు విని ఏడవని మనిషిని నేను చూళ్లేదు."

ఏ పుట్టలో ఏ పాముందోనని ఆశీర్వాదం సరేనన్నాడు.

మధ్యాహ్నం ముసలాయన కోడలి ఎదుట చాప మీద కూచుని చదివాడు. పద్యం పాడితే ఆ బొంగురు గొంతు ఇంకా ఖంగుమంటోంది. మట్టిలో పెట్టిన బిడ్డకి చలేస్తుందేమోనని రాణి పైట విప్పి మట్టి మీద కప్పిన చోట దీనమ్మ బావురుమంది. ఆశీర్వాదానికి పోయిన ప్రాణం లేచొచ్చింది, సిగ్గూ వేసింది.

"చాలు నాన్నా, ఆపెయ్."

"చావు దగ్గర ఆపకూడదురా, ఇంటికి అరిష్టం. పిల్ల లేచేదాకా చదివి తీరాలి."

చదివాడు. మూడో రోజున నేల విచ్చి, రాజుగారి కూతురు అమ్మా అంటూ లేచింది. జాతరల్లో పెరిగినవాళ్లకి ఇదంతా మామూలే. మంగళం పాడగానే బట్టలు దులుపుకుని ఇంటికి పోతారు. దీనమ్మ పుట్టిన క్రైస్తవుల ఇంట్లో నాటకాలు చూడ్డమే పాపం. ఆమె ఎరిగింది ఒక్కటే పుస్తకం. అందులో ప్రభువు మూడో రోజున సమాధిలోంచి లేవడం నిజం.

"మూడో రోజేనాండీ, మావయ్యగారూ?"

"మూడో రోజేనమ్మా," అన్నాడు ఆయన తృప్తిగా.

ఆమె లేచి మొహం కడుక్కుని నాలుగు ముద్దలు తింది. "తప్పు నాదే నాన్నా," అన్నాడు ఆశీర్వాదం. పదేళ్ల తర్వాత తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూచుని పొగచుట్ట కాల్చుకుంటూ మాట్లాడుకున్నారు. చుట్ట అయిపోయి లోపలికి చూస్తే దీనమ్మ లేదు.

సమాధుల దొడ్డిలో కనిపించింది. పొద్దు వాలుతోంది. వట్టి చేతుల్తో తవ్వుతోంది, గోళ్ల నిండా నెత్తురు.

"ఇవాళే కదండీ మూడో రోజు," అంది, మొహం వెలిగిపోతూ. "పిలుస్తోందండీ. వినండి."

అది ఒట్టి నాటకమే దీనమ్మా అనాలి. అతను మోకాళ్ల మీద కూలబడి మట్టికి చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు. ఇంకాసేపు విన్నాడు.